సాగర్ దారిలో మా ఇద్దరి మధ్య కూర్చున్న సంచి

పెళ్లయి ఏడు నెలలైనా మేమిద్దరమే కలిసి ఎక్కడికీ పోలేదు. మా ఆయన మన్నెగూడలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తారు, ఆదివారాలే అక్కడ రద్దీ. ఎట్టకేలకు ఒక ఆదివారం సెలవు దొరికింది. కొత్త బండి మీద నాగార్జునసాగర్ పోదామన్నారు. ఇబ్రహీంపట్నం నుంచి నూరు కిలోమీటర్ల పైనే, మూడు గంటల దారి. ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోవాలని నా ఆశ. ఎవరికీ చెప్పలేదు.

దారిలో ఆపద వస్తే అక్కరకొచ్చేవి చిన్న సంచిలో సర్దాను: నీళ్లసీసా, గుడ్డపట్టీ, నిమ్మకాయ, పిన్నీసులు. అత్తమ్మ చూసి, "గింతేనా? ఎండాకాలం బిడ్డా," అని పెద్ద సంచి తెచ్చారు. వడదెబ్బ తగలకుండా జేబులో వేసుకోను ఆరు ఉల్లిగడ్డలు, గ్లూకోజు డబ్బా, తాడు, దుప్పటి, పంచరు సామాను, సైకిలు పంపు, మక్కరొట్టెలు అందులోకి చేరాయి. నేను వద్దనలేకపోయాను.

"ఏందమ్మా, సాగర్ పోతున్నమా, ఊరు ఖాళీ చేస్తున్నమా?" అన్నారు మా ఆయన.

"పోయేటోళ్లకేం ఎరుక. భయం బుగులంత ఇంట్ల ఉన్నోళ్లకే," అన్నారు అత్తమ్మ.

ఆరింటికి బయలుదేరాము. సంచి మా ఇద్దరి మధ్య కూర్చుంది. భుజం అందక దాన్నే కౌగిలించుకున్నాను.

యాచారంలో చాయ్‌కి ఆగాము, అప్పట్లో కప్పు మూడు రూపాయలు. హోటల్ నడిపే పెద్దమ్మ, "నడిమిట్ల ఎవరు బిడ్డా, మీ అత్తనా?" అంది. నేను తల ఎత్తలేదు.

"అవ్, ఆమెనే పంపింది," అన్నారు మా ఆయన.

"ఈడ పెట్టిపోండ్రి. మర్లొచ్చేటప్పుడు తీస్కపోండ్రి," అంది పెద్దమ్మ.

ఒళ్లో పట్టేంతే ఉంచుకోవాలనుకున్నాను. నా చిన్న సంచిలోకి రెండు రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ తీసుకున్నాను. పంపు మాత్రం పట్టలేదు. "కొత్త టైర్లు, ఫికర్ జెయ్యకు," అన్నారాయన. పంపునూ పంచరు సామానునూ అక్కడే వదిలి, భుజం మీద చెయ్యి వేశాను. మాల్ ఊరు దాటేదాకా ఆయన బండి బాగా నెమ్మదిగా నడిపారు.

చింతపల్లి దాటగానే పంచరు. ఎండలో కిలోమీటరున్నర ఇద్దరం తోశాము.

"పంపు నేనే తీసేసిన," అన్నాను భయంగా.

"ఉంటే గా సంచిని గూడ తోసేటోళ్లం. జర మా అమ్మకు చెప్పకు."

పంచరు వేసినతను ఇరవై తీసుకున్నాడు. పదకొండుకు సాగర్ చేరి, నీళ్లు చూస్తూ రొట్టెలు తిన్నాము.

సాయంత్రం తిరిగొస్తూ యాచారంలో పెద్ద సంచి తీసుకున్నాము. ఇంట్లో అత్తమ్మ దాన్ని విప్పి చూశారు. "రెండు రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ తప్ప అన్నీ పెట్టినయి పెట్టినట్లే ఉన్నయి. చూసినవా, సామాను దగ్గరుంటే ఆపద రాదు." మేమిద్దరం అవునన్నాము.

అన్ని ఆపదలకూ సరిపోయే సంచి బండి మీద పట్టదని నాకు అర్థమైంది. కొన్నింటికి పక్కన తోసే మనిషి ఉంటే చాలు. మీరు పోయేముందు సంచి నింపి, భుజాన వేసుకుని ఒక కిలోమీటరు నడవండి. ఎక్కడ దించాలనిపిస్తే, అక్కడి నుంచి వెనక్కి వచ్చి సగం తీసేయండి.