టీ పెట్టెలో అదనపు వేడి

మొన్న ఆదివారం పొద్దున్నే మా కోడలు గిన్నె మూత తీసి చూసి, "అత్తయ్యా, పిండి అస్సలు పొంగలేదు. నిన్న సాయంత్రం ఎలా పెట్టానో అలాగే ఉంది" అంది. ఆ పిల్లది హైదరాబాదు. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో మిషన్లకు కొదవ లేదు గానీ, కలకత్తా జనవరి చలిలో మినప్పిండి ఏ మిషన్ మాటా వినదు. నేనేదో చెప్పబోయేలోగా, కిటికీ దగ్గర పేపరు చదువుతున్న మా ఆయన పేపరు దించకుండానే, "మీ అత్తనడుగమ్మా. ఆ పనిలో ఆవిడ సైంటిస్టు" అన్నారు. కోడలు నవ్వింది. దాని వెనకాల ఉన్న కథ పాపం ఆ పిల్లకు తెలియదు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆ మాటకు వేడెక్కుతూనే ఉంటాయి.

అప్పుడు మేము కలకత్తా పక్కనే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చారు. మా ఆయన రైల్వేలో చేరి, రైలు పెట్టెల కింద ఉండే బ్యాటరీలు చూసే పనిలో కుదురుకున్నారు. యార్డు నుంచి వచ్చేసరికి చొక్కాకు ఎప్పుడూ రెండు మూడు చోట్ల యాసిడ్ చిల్లులు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేను వాటికి రఫ్ఫులు వేసేదాన్ని, తర్వాత తర్వాత ఆ చిల్లులే ఆయన మెడల్స్ అనుకుని వదిలేశాను. చదివింది పదో తరగతే గానీ, ఏదైనా పేపరు కాగితం బెల్లం పొట్లంగా వచ్చినా విప్పి, నిమిరి, చదివితే తప్ప పారేసేవారు కాదు. అలాంటి ఒక కాగితంలోనే ఆ సంగతి చదివారు. ఎక్కడో దూరదేశంలో ఎవరో ఇద్దరు పండితులు గాజు పాత్రలో నీళ్ళు పోసి, కరెంటు పంపిస్తే, పంపినదాని కన్నా ఎక్కువ వేడి వచ్చిందట. సూర్యుడిలో జరిగే పనే ఆ పాత్రలో జరిగిందని వాళ్ళు అన్నారట. తర్వాత మిగిలిన పండితులంతా చేసి చూసి, అలాంటిదేమీ లేదని నవ్వేశారట. మా ఆయన మొదలుపెట్టింది, లోకమంతా నవ్వేసి ఇంటికెళ్ళిపోయిన తర్వాత.

ఎందుకండీ మీకిది అని అడిగితే, "సూడే, నీ కళ్ళు సూసుకున్నావా అద్దంలో" అన్నారు. అప్పట్లో మాది బొగ్గుల పొయ్యి. సాయంత్రమయ్యేసరికి వరసగా ఉన్న క్వార్టర్లన్నింటి ముందూ పొయ్యిలు రాజేసేవాళ్ళం. ఆ పొగ చలికాలంలో పైకి పోకుండా మనిషి ఎత్తులో అలాగే నిలబడిపోయేది. దానికి తోడు లోడ్‌షెడ్డింగు. నా కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉండేవి. గాజు సీసాలో నీళ్ళు, దాంట్లో కాస్త వేడి, దాని మీద నా అన్నం గిన్నె. పొగ లేదు, బొగ్గు లేదు. ఆయనకు కావలసింది సూర్యుడు కాదు, ఆ పొయ్యి. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, నాతో ఆ ఒక్కసారి అన్నారంతే.

ఖిదిర్‌పూర్‌లో పాత సామాన్ల వాడి దగ్గర ఒక టీ పెట్టె కొన్నారు, టీ ఆకు నింపి పంపేది, లోపల తగరపు రేకు అతికించి ఉండే చెక్క పెట్టె. దాంట్లో సగం వరకూ పాత బొంత దూది కుక్కి, మధ్యలో వెడల్పు మూతి సీసా పెట్టారు. సీసాలో బ్యాటరీల్లో పోసే నీళ్ళు, ఏదో తెల్లటి పొడి, నికెల్ తీగ చుట్ట. సీసా మూతకు చిల్లు పెట్టి, లోపల వచ్చే గాలి బయటికి పోయేలా కిటికీ దాకా ఒక గొట్టం లాగారు. నిప్పు దగ్గరకు తీసుకురావొద్దన్నారు, పేలుతుందట. ఒక థర్మామీటరు సీసాలో, ఒకటి గోడకు. ఇంత కరెంటు పంపితే గది కన్నా ఇంత వేడెక్కాలని ముందే కొలిచి పెట్టుకున్నారు. దాన్ని మించి వచ్చిందే అదనపు వేడి. పక్క క్వార్టరులో నేను బౌదీ, వదినా అని పిలిచే బెంగాలీ ఆవిడ ఒకరోజు వచ్చి, బుడబుడమంటున్న సీసాను, కిటికీలోంచి బయటికి పోతున్న గొట్టాన్ని చూసి, నా చెవిలో, సారా కాస్తున్నారా అని చాలా మర్యాదగా అడిగింది. కాదంటే కాస్త నిరాశపడినట్టే కనిపించింది. వీధిలో కుర్రకారంతా ఆయన్ని బిగ్యానీ-దా అని పిలిచేవారు, అంటే సైంటిస్టు అన్నయ్యగారని. ఆయన దానికి పొంగిపోలేదు, ఉడుక్కోనూ లేదు.

మొదటి ఏడాదంతా సున్నా. ఆ తర్వాత చలికాలంలో, ఒక ఆదివారం పొద్దున డ్యూటీ నుంచి వచ్చి చూస్తే రెండు డిగ్రీలు ఎక్కువ! తర్వాతి ఆదివారమూ అంతే. మిగిలిన రోజుల్లో మాత్రం ఏమీ లేదు. ఆయన నోటుబుక్కులో కారణాలు రాసుకోవడం మొదలైంది. ఆదివారం మిల్లులు మూసేస్తారు కాబట్టి కరెంటు నిలకడగా ఉంటుందా? శనివారం షాలిమార్ వైపు గూడ్సు బళ్ళు ఎక్కువ, నేల అదురుతుంది, దాని వల్లనా? చంద్రుణ్ణి కూడా వదిలిపెట్టలేదు. మధ్యలో ఒక శనివారం నాకు ఒంట్లో బాగాలేక పడుకున్నాను. ఆ ఆదివారం వేడి రాలేదు. ఆయన అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం మంచం మీద పడుకుని, ఈ వారం జరగనిదేమిటా అని ఆలోచించాను. ఇడ్లీ పిండి రుబ్బలేదు.

ఇక్కడ నా నేరం ఒప్పుకోవాలి. చలికి పిండి పొంగేది కాదు. ఆ టీ పెట్టెలో ఒక పక్కన ఖాళీ, చేయి పెడితే వెచ్చగా, అచ్చం మా అమ్మ పొయ్యి పక్క గూడులాగా ఉండేది. పెట్టె ముట్టుకోవద్దని ఆయన చెప్పింది నిజమే. శనివారం ఆయనకు రాత్రి డ్యూటీ. సాయంత్రం ఆయన గుమ్మం దాటగానే, పిండి గిన్నెను పాత చీరలో చుట్టి ఆ ఖాళీలో పెట్టి, పెట్టె మూత లేవకుండా దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టేదాన్ని. ఆయన వచ్చేలోగా అన్నీ తీసేసి ఇడ్లీలు వేసేదాన్ని. వేడి బయటికి పోయే దారులన్నీ నేనే మూసేశానన్నమాట.

అయినా నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. బహుశా ఆయనతో కాపురం చేసి చేసి నాకూ ఆ జబ్బు అంటుకుని ఉంటుంది. ఆ బుధవారం ఆయన ఎవరికో బదులు రాత్రి డ్యూటీ చేయడానికి వెళితే, పిండి లేదు కదా అని, గిన్నెలో వట్టి నీళ్ళు పోసి, అదే చీర చుట్టి, అదే పొత్రం పెట్టాను. గురువారం పొద్దున ఆయన థర్మామీటరు చూసి పెట్టిన కేకకు బౌదీ పరుగెత్తుకొచ్చింది. "ఏటే, గురువారం కూడా ఒచ్చింది! ఆదివారం గొడవ లేదింక!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. నేను చెప్పడానికి నోరు తెరిచేలోగా సైకిలెక్కి వెళ్ళిపోయారు. వీధి చివర విజ్ఞాన సంఘం గది ఉండేది. అక్కడికి వచ్చే కాలేజీ ప్రొఫెసరుగారొకాయన ఉండేవారు, మా ఆయన మాట నవ్వకుండా వినే మనిషి ఆయనొక్కరే. ఆదివారం పొద్దున వచ్చి కళ్ళారా చూడమని ఆయన్ని పిలిచేశారు. సంఘంలో అందరి ముందూ పిలిచారు.

ఆ రెండు రోజులు నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు. గిన్నె పెట్టకపోతే వేడి రాదు, అందరిలో నవ్వులపాలవుతారు. నోరు మూసుకుని గిన్నె పెట్టి, వేళకు తీసేస్తే వేడి వస్తుంది, ఈ ఒక్కసారికి గెలుస్తారు. నిజం చెప్పొద్దూ, గిన్నె పెట్టేద్దామనే అనుకున్నాను. శుక్రవారమంతా అదే నిర్ణయం. కానీ శనివారం ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉండి, ఉన్న ఒక్క మంచి చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటూ కనిపించారు. ఆ చొక్కాకు చిల్లుల్లేవు. నాకు ఏడుపొచ్చింది.

"ఏటండీ, ఆ వేడి మీది కాదు. నాది" అన్నాను.

"నీదేటి?"

"శనివారం శనివారం ఈ పెట్టిలో ఇడ్లీ పిండి పెడతన్నాను. బుధవారం వట్టి నీళ్ళు పెట్టి సూసినాను. అప్పుడూ ఒచ్చింది."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. "ఎన్నాళ్ళ బట్టి?"

"సలి మొదలైన కాడి నుంచి."

ఆయన బయటికెళ్ళి వరండాలో నిలబడ్డారు. యార్డులోకి ఖాళీ లోకల్ బండి ఒకటి మెల్లగా వెనక్కి వెళుతోంది, దాని వైపే చూస్తున్నారు. కేకలేస్తారనుకున్నాను, వేయలేదు. వేసినా బాగుండేది. బండి పూర్తిగా వెళ్ళిపోయాక లోపలికొచ్చి, "పిండి రుబ్బినావా?" అని అడిగారు. రుబ్బానన్నాను. "అయితే పెట్టు. ఎప్పుడూ ఎలా పెడతావో అలాగే పెట్టు. ఆ పెద్దాయన వేడీ, గిన్నీ రెండూ సూడాల" అన్నారు.

ఆదివారం ప్రొఫెసరుగారు గొడుగు, చేతిసంచీతో వచ్చారు. కళ్ళద్దాలు సవరించుకుని, వంగి, మా ఆయన లెక్కలు చూశారు, థర్మామీటరు చూశారు. రెండు డిగ్రీలు. ప్రొఫెసరుగారి ముఖంలో నిజంగానే రంగు మారింది. అప్పుడు మా ఆయన పొత్రం దించి, మూత తీసి, చీర విప్పి, పొంగి మూత దాకా వచ్చిన పిండి గిన్నెను ఆయన ముందు పెట్టి, "సార్, నా అదనపు వేడి ఇదే. మా ఇంటావిడ పట్టుకుంది" అని బెంగాలీలో చెప్పారు. ప్రొఫెసరుగారు ఆ పిండిని కాసేపు చూసి, పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక నన్ను పిలిచి, ఎలా పట్టుకున్నావో మొదటి నుంచీ చెప్పమ్మా అన్నారు. వట్టి నీళ్ళ గిన్నె దగ్గరకొచ్చేసరికి నవ్వడం మానేశారు. "దాదా, తమ వేడిని తామే అనుమానించేవాళ్ళు పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో కూడా నాకు ఎక్కువమంది కనపడలేదు. మీ ఇంట్లో ఇద్దరున్నారు. మానకండి" అన్నారు. ఆ పిండితోనే ఆరు ఇడ్లీలు తిన్నారు. సంఘంలో ఈ సంగతి మా ఆయనే నిలబడి చెప్పారట. నవ్వినవాళ్ళు నవ్వారు.

తర్వాతి వారం ప్రొఫెసరుగారు పదో వంతు డిగ్రీ కూడా చూపించే థర్మామీటరు ఒకటి తెచ్చిచ్చారు. పోల్చి చూసుకోవడానికి కరెంటు లేని రెండో పెట్టె ఒకటి పక్కన చేరింది. నా పిండికి మూడోది మా ఆయన చేసిచ్చారు. ఏళ్ళ తరబడి నెలకొకసారి ప్రొఫెసరుగారు రావడం, ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని సున్నాలు రాసుకోవడం. ఒక్కసారి, వానాకాలంలో, వరసగా తొమ్మిది రోజులు అర డిగ్రీ ఎక్కువ వచ్చింది. ముందు నన్నే అనుమానించారు, అది న్యాయమే. నా గిన్నె వంటింట్లోనే ఉంది. ఇద్దరూ తీగలు విప్పి, మార్చి, థర్మామీటర్లు అటూ ఇటూ చేసి చూశారు. ఏ కారణమూ దొరకలేదు. పదో రోజున వచ్చినట్టే పోయింది. నోటుబుక్కులో ఆ పేజీలో మా ఆయన రాసింది రెండే ముక్కలు: తెలియలేదు. మళ్ళీ చూడాలి.

పొగ లేని పొయ్యి మా ఇంటికి చివరికి గ్యాసు సిలిండరు రూపంలోనే వచ్చింది. ఆయన దాన్ని తనే బిగించి, మంట నీలంగా వచ్చేవరకూ సరిచేసి, నా కళ్ళ వైపు ఒకసారి చూసి, మళ్ళీ వెళ్ళి తన పెట్టె ముందు కూర్చున్నారు.

మొన్న కోడలు నవ్వు ఆపాక, ఆయన పేపరు మడిచి, మంచం కిందికి వంగి, ఆయాసపడుతూ ఆ మొదటి టీ పెట్టెను లాగారు. దూది తీసి ఎండలో ఆరబెట్టారు. సాయంత్రం ఒక మూల నాకు గిన్నె పెట్టుకోవడానికి చోటు చూపించారు, రెండో మూల సీసా పెట్టడానికి చోటు ఉంచుకున్నారు. "ఈపాలి ముందే రాసుకుంటాను, గిన్ని ఉన్నాదని" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, గోడకు థర్మామీటరు తగిలించడానికి స్టూలు ఎక్కబోతే కోడలు పట్టుకుంది. నేను పొత్రం తెచ్చి మూత మీద పెట్టాను. ఇన్నేళ్ళలో కాలం ఆయన జుట్టునూ, నా చూపునూ, ఆ క్వార్టర్లనూ, మా ప్రొఫెసరుగారినీ తీసుకుపోయింది గానీ, ఆ 'మళ్ళీ చూడాలి'ని మాత్రం మాకే వదిలేసింది.