నౌపడలో ఆరేసిన సగం దుప్పటి

మా కుట్టు టీచరమ్మ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను నెల్లిమర్లలో మా కుట్టుగదిలో ఒక ఫారం ముందేసుకుని కూర్చున్నాను. దాచుకోవడమెందుకు, ముందు నాకు ఏడుపు రాలేదు. ఆవిడ ట్రంకుపెట్టెలో ఉన్న సగం దుప్పటి ఏమవుతుందోనని భయం వేసింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆ దుప్పటి సంగతి చెబితే గాని ఆవిడ మీకు అర్థం కారు. మిషన్ బడిలో నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. రిటైరై సొంతూరు నౌపడ వెళ్ళిపోయాక కూడా నన్ను వదల్లేదు. అయిదేళ్ళ కిందట నలుగురు ఆడవాళ్ళతో కలిసి చేనేత గుడ్డకి రంగులద్ది దుప్పట్లు, తలగడ గలీబులు, గుమ్మం తెరలు కుట్టి, ఒక పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. మొదటి దుప్పటి పట్టుకుని పాసింజరెక్కి ఆవిడ దగ్గరకే వెళ్ళాను. నీలం చారలది. మెచ్చుకుంటారనుకుంటే, కత్తెర తీసి దాన్ని నిలువునా రెండు ముక్కలు చేశారు. నా ప్రాణం ఉసూరుమంది.

"ఏటే అలా సూస్తావు? ఒక ముక్క పెట్లో దాస్తాను. రెండోది కప్పుకుంటాను, ఉతుకుతాను. మా ఊరి ఉప్పునీళ్ళకీ ఈ ఎండకీ నిలబడిందంటే ఎక్కడైనా నిలబడతాది."

అన్నట్టే ప్రతి శనివారం ఉతికేవారు. నేను వెళ్తే మంచినీళ్ళన్నా ఇవ్వకుండా పెరట్లోకి లాక్కుపోయి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, రెండు సగాలూ ఎండలో పక్కపక్కన పట్టుకుని రంగు తేడా చూసేవారు. రెండో ఏడు అంచు కుట్టు ఊడొచ్చింది. "గుడ్డకేటీ అవలేదు, దారమే సచ్చింది. ఉన్న సరుకంతా విప్పి మళ్ళీ కుట్టు," అన్నారు. దారి పొడవునా ఆవిణ్ణి తిట్టుకుంటూ వచ్చాను. వచ్చి విప్పి కుట్టాను. ఆ తర్వాత ఒక్క దుప్పటీ తిరిగి రాలేదు.

నోట్ల రద్దు దగ్గర్నుంచి మా అమ్మకాలు కోలుకోలేదు. అలాంటప్పుడు విశాఖపట్నంలో ఒక పెద్ద కొట్టువాళ్ళు, ప్రకృతికి చేటు చెయ్యని సరుకైతే తీసుకుంటామని ఫారం పంపారు, నింపాక దాన్ని తీసుకెళ్ళడానికి వాళ్ళ మనిషి వస్తాడన్నారు. రంగునీళ్ళు ఎక్కడికి పోతున్నాయి, మిగిలిన ముక్కలు ఏం చేస్తున్నారు, దుప్పటి ఎన్నేళ్ళు మన్నుతుంది అని అడిగారు. నీళ్ళు గుంటలో ఇంకిస్తున్నాం, ముక్కలతో బొంతలు కుడుతున్నాం. ఆ రెంటికీ నిజమే రాశాను. మూడోదానికి 'పదేళ్ళు' అని రాశాను. అది ఫోన్లో చదివి వినిపించాను, బుద్ధి లేక.

"పదేళ్ళా? నీ కంపెనీ పుట్టి అయిదేళ్ళు. ఎవుల్నడిగి రాసినావే?"

"అందరూ అలాగే రాస్తారు టీచరమ్మా. ఈ ఆర్డరు రాకపోతే నలుగురికీ పని ఉండదు."

దానికావిడ అన్నారు: "ఆ బాబుని నా కాడికి తీసుకురా. రెండు ముక్కలూ సూపిస్తాను. ఎన్నేళ్ళో ఆయనే సూసి రాసుకుంటాడు. నువ్వు మాత్రం ఆ అబద్ధం కొట్టీ."

ఆ బాబు సోమవారం వస్తాడనగా శనివారం మధ్యాహ్నం ఆవిడ పోయారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. శవపేటికలో ఆవిడ కింద నీలం చారలు కనిపించాయి. ఉతకని సగం.

వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ట్రంకులో కొత్త గుడ్డ ఇదొక్కటే ఉన్నాది అక్కా. నువ్విచ్చిందేనని అమ్మ దాసుకున్నాది. అందుకే పరిసినాం."

అది తీసి ఇంకోటి పరవండి అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. నాతో కుట్టే నలుగురి ముఖాలూ కళ్ళముందు తిరిగాయి. శవం దగ్గర నిలబడి దుప్పటి గురించి లెక్కలేసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ మాట మింగేశాను. మూత వేసేశారు.

రెండో సగం పెరట్లో తీగ మీదే ఉంది. ఆవిడ పోయిన రోజు పొద్దున్న కూడా ఉతికి ఆరేశారట. ఉప్పునీళ్ళకి బిరుసెక్కి ఉంది. అడిగి తెచ్చుకున్నాను. రైల్లో ఒళ్ళో పరుచుకుని నెల్లిమర్ల దాకా చూస్తూనే ఉన్నాను. రంగు తగ్గిందో లేదో తేల్చుకోలేకపోయాను.

సోమవారం వచ్చిన కొట్టువాళ్ళ మనిషి ముందే ఫారంలో 'పదేళ్ళు' కొట్టేసి, 'అయిదేళ్ళు వాడి చూశాం, ఆపైన తెలియదు' అని రాసిచ్చాను. అతను చదివి, ఫైల్లో పెట్టుకుని వెళ్ళాడు. ఇంతవరకూ కబురు లేదు. "ఏటైనాదమ్మా?" అని నలుగురూ రోజూ అడుగుతున్నారు.

శనివారాలు ఆ సగం నేనే ఉతుకుతున్నాను. ఆరాక కుడిచేత్తో ఎండలోకి ఎత్తి పట్టుకుంటాను. టీచరమ్మ ఆ ఉతకని సగం అందిస్తారేమోనన్నట్టు నా ఎడమచెయ్యి ఇంకా పక్కకి చాచే ఉంటుంది.