అరగని ఆకురాయి

మా మామగారు పోయారన్న కబురు నందిగామలో నేను పనిచేసే బడికి ఫోన్లో వచ్చింది. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, కొట్టు తలుపులు తీసి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. ఎవరికీ ఇబ్బంది కలిగించకపోవడం ఆయన పద్ధతే గానీ, ఈసారి మాత్రం నాకు కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి వెళ్ళవలసింది.

జగ్గయ్యపేటలో ఆయన్ని అందరూ తుపాకుల మేస్త్రి అనేవారు. పోలీసు శాఖలో ఆయుధాలు బాగుచేసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక లైసెన్సు తెచ్చుకుని ఇంటి ముందుగదిలోనే కొట్టు పెట్టారు. అడవిపందుల నుంచి చేలు కాచుకునే రైతుల తుపాకులే ఎక్కువగా వచ్చేవి. వంటింట్లోకి వెళ్ళాలంటే తుపాకుల పక్క నుంచి నడవాలని తెలిసి, నా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ గుండెలు బాదుకుంది. నాకు మాత్రం భలే సరదాగా ఉండేది.

ఏ తుపాకి చేతికొచ్చినా ముందు తెరిచి, ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి తడిమేవారు. ఇంతకుముందే తాను చూసి బల్ల మీద పెట్టినదైనా సరే, మళ్ళీ తీస్తే మళ్ళీ తడమాల్సిందే. వంటింట్లో స్టవ్ ఆర్పారో లేదో కూడా అలాగే వచ్చి చూసిపోయేవారు. అత్తయ్యగారికి ఒళ్ళు మండేది.

ఎవరు ఏం చెడిపోయిందని వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "బాగున్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం జరిగిందండీ?" నేనూ అత్తయ్యగారూ మూతులు ముడుచుకుని కూర్చున్న రోజుల్లోనూ గుమ్మంలో నిలబడి అదే అడిగేవారు. మాకు నవ్వొచ్చేసేది. నవ్వాక ఇంకేం పోట్లాడతాం?

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక రివాల్వరు. ఎలక్షన్లు అయిన కొత్తలో వేదాద్రి వైపు నుంచి ఒక పెద్ద రైతు దాన్ని తీసుకొచ్చారు. ట్రిగ్గరు నొక్కితే చాలు, తూటాలు పెట్టే సిలిండరు తిరిగి, వెనకున్న సుత్తి తనంతట తానే లేచి పడే రకం అది. ఇప్పుడు ట్రిగ్గరు సగంలోనే పట్టేస్తోంది. సిలిండరు గొట్టానికి రాసుకుంటోంది.

"కాస్త ఆకురాయి పెట్టి అరగదియ్యవయ్యా మేస్త్రీ, పోతుంది" అన్నారాయన.

మామగారు ఆకురాయి తియ్యలేదు. లోపలికి తొంగిచూసి, "అమ్మాయ్, నీ కాటుక భరిణె ఓసారి ఇస్తావా?" అన్నారు. ఆ రైతు తెల్లబోయి చూశారు. మామగారు సిలిండరు అంచుకి పల్చగా కాటుక పూసి, బిగించి, మెల్లగా తిప్పి, విప్పి చూపించారు. గొట్టానికి తగిలిన చోటల్లా కాటుక చెరిగింది.

"ఒక్కచోట చెరిగితే మురికో వంకరో అనుకోవచ్చండి. చుట్టూతా సమానంగా చెరిగింది. అంటే ఈ సిలిండరు దీనిది కాదు. బాగున్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం జరిగింది?"

"ఏముంది, ఎలక్షన్లని అందరిలాగే స్టేషన్లో అప్పజెప్పాం. నూనె పెట్టి మరీ తిరిగిచ్చారు."

"మీదొక్కటేనా?"

ఆయన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నారు. తరవాత, "వాడిది కూడా" అన్నారు.

వాడంటే తమ్ముడు. తండ్రి ఇద్దరికీ ఒకేలాంటి రివాల్వర్లు కొనిచ్చారట. ఆయన పోయాక బావి నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, తమ్ముడు నందిగామకి మకాం మార్చారు; లైసెన్సు మాత్రం పాత ఊరి స్టేషన్లోనే ఉంది. అన్నదమ్ములకి మాటల్లేవు. స్టేషన్లో ఎవరో మంచి మనసుతో రెంటినీ విప్పి, నూనె పెట్టి, బిగించేటప్పుడు ఒకదాని సిలిండరు ఇంకోదానికి పెట్టేశారు. మామగారు తుప్పు గీకి చూపిస్తే, సిలిండరు మీద ఒక నంబరు, పిడి కింద వేరే నంబరు ఉన్నాయి.

"సరే, ఎవడిదైతేనేం? అరగదీసి ఇచ్చెయ్" అన్నారు పెద్దాయన.

"అరగదీస్తే దీనికి పడుతుందండి. కానీ ఇది తమ్ముడు గారిది. దాన్ని పాడుచేసే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. రెండూ ఒకేసారి ఈ బల్ల మీదికి రావాలి."

ఎవరి తుపాకి వాళ్ళే పట్టుకు రావాలి. లైసెన్సు ఎవరి పేర ఉంటే వాళ్ళే. అంటే ఇద్దరూ ఆ గదిలో కూర్చోవాలి. పెద్దాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపట్నించి మా వైపు తుపాకి ఒక్కటి నీ గడప తొక్కితే చూడు" అని విసురుగా లేచి వెళ్ళిపోయారు. ఆ వైపు ఊళ్ళ తుపాకులతోనే మా కొట్టు నడిచేది. "పెద్దవాళ్ళతో మనకెందుకండీ, కాస్త అరగదీస్తే ఏం పోయింది?" అని అత్తయ్యగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"పోయిన ఇనుము మళ్ళీ రాదే" అన్నారు మామగారు. ఆ మరునాడే బస్సెక్కి నందిగామ వెళ్ళి, తమ్ముడు గారికి సంగతంతా చెప్పి వచ్చారు.

వారం తిరక్కుండా తమ్ముడు తన రివాల్వరు పట్టుకుని వచ్చారు. "ఆయన కోసం రాలేదండి. నాన్న ఇచ్చింది నాన్న ఇచ్చినట్టే ఉండాలి" అన్నారు. ఆ మాట చెవిన పడేలా కబురు పంపితే, పెద్దాయన కూడా వచ్చారు. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళిన నాకు ఇద్దరి వీపులే కనిపించాయి.

మామగారు రెండూ తెరిచి, వేలు పెట్టి తడిమి, విప్పి, సిలిండర్లు మార్చి బిగించారు. ఆకురాయి తాకనే లేదు. అన్నగారి రివాల్వరు తీసి తమ్ముడి చేతిలో పెట్టారు. "ఖాళీదేనండి. ఆ గోడ వైపు పట్టి నొక్కండి. ఎలా ఉందో మీరే చెప్పండి."

ఆయన నొక్కారు. సిలిండరు తిరిగింది, సుత్తి లేచి టక్కున పడింది. "బాగుందన్నయ్యా" అనేశారు, అలవాటుగా. పెద్దాయన గోడకేసి చూస్తూ, "నీదీ చూసుకో" అన్నారు. అంతే. బావి గొడవ తరవాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది. కానీ ఆ వైపు తుపాకులు ఒక్కటీ ఆగలేదు. పైగా ప్రతి ఎలక్షన్ల తరవాతా అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చునేవారు. గుమ్మంలో నిలబడి మా మామగారిని చూసుకుంటే నాకెంత గర్వంగా ఉండేదో, ఇప్పుడు రాస్తున్నా అంతే గర్వంగా ఉంది.

సమాధి చేసిన రోజున వాళ్ళిద్దరూ వచ్చారు. పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మా తుపాకులు ఇంకెవరు చూస్తారమ్మా?" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తమ్ముడు పక్కనే తలొంచుకుని నిలబడ్డారు.

అందరూ వెళ్ళాక నేనూ మా ఆయనా పనిముట్ల పెట్టె తెరిచాం. స్క్రూడ్రైవర్ల పిడులు ఆయన అరచేతికి అరిగి నున్నగా ఉన్నాయి. అడుగున, నూనె కాగితంలో చుట్టి, సన్నని ఆకురాయి ఉంది. కొట్టు పెట్టిన రోజుల్లో కొన్నదట. బొటనవేలితో మెల్లగా తాకాను. పళ్ళు ఇంకా కొత్తవాటిలాగే వేలికి పట్టుకున్నాయి. దాని పక్కన, నేనెప్పుడూ తిరిగి అడగని నా కాటుక భరిణె, అడుగంటా ఖాళీ అయి ఉంది.