అక్క నా కోసం ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు మేము చిట్కుల్‌లో, కంపెనీ పనివాళ్లు కిరాయికుండే వరుస గదుల్లో ఉండేవాళ్లం. పక్క గదిలో ఒక అక్క ఉండేది. ఆమె భర్తను బావ అనేదాన్ని. పటాన్‌చెరులో షిఫ్టులు చేసేవాడు. బడి వదలగానే నేను అక్క దగ్గరికే పరుగెత్తేదాన్ని. తల దువ్వి జడ వేసేది.

కడుపుతో ఉన్న అక్కకు ఏడో నెలలో ఒళ్లంతా ఎర్రబడి, ఆవగింజలంత చీము పొక్కులు లేచాయి. జ్వరం, వణుకు. చీర తగిలినా ఓర్చుకోలేకపోయేది. అమ్మవారు పోసిందని చుట్టుపక్కల అందరూ తలుపులు వేసుకున్నారు. హైదరాబాదు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం ఇది అంటుకునేది కాదని, కడుపుతో ఉన్నప్పుడు ఎవరో ఒకరికి అరుదుగా వచ్చే జబ్బని చెప్పింది. గోలీలు రాసి, తనను అడగకుండా ఒక్క పూట కూడా మానొద్దంది. పది రోజులకు పొక్కులు ఎండాయి. అక్క మళ్లీ నవ్వింది.

అంత ఘాటు గోలీలు మింగితే పిల్ల అవిటిదై పుడుతుందని అప్పుడే ఎవరో ఆమె చెవిలో వేశారు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి గోలీలు మురుగు పారే మోరీలో పడేస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఎవ్వరికి జెప్పకు బిడ్డా. మీ బావకు అసలే జెప్పకు. నాకేమన్న గానీ, కడుపుల పిల్ల మంచిగుంటే సాలు."

ఒట్టు పెట్టాను. పెద్దవాళ్ల రహస్యం నాకు దొరికిందని లోపల గర్వపడ్డాను కూడా.

నాలుగైదు రోజులకే జబ్బు ముందుకంటే ఘోరంగా తిరగబెట్టింది. "గోలీలు ఏస్కుంటున్నవు గదా?" అని బావ అడిగితే అక్క తలూపింది. నేను గడపలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆసుపత్రికి చేరేసరికి కడుపులో బిడ్డ కదలడం లేదు.

కొన్ని వారాలకు అక్క తిరిగొచ్చింది. చేతుల మీద చర్మం ఇంకా పొరలుగా రాలుతోంది. గోలీలు పారేశానని అక్క ఆసుపత్రిలో ఒప్పుకుందట; వాటి కంటే అదుపు తప్పిన జబ్బే బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పిందట. బావ అందరి ముందూ ఏడ్చాడు. "పారేస్తుంటే ఒక్కరన్న సూడలేదా? ఒక్కరు జెప్పినా పిల్ల దక్కేది గదా!"

నేను మా అమ్మ వెనక్కి నక్కాను. అక్క నా వైపు చూడనైనా చూడకుండా, "ఎవ్వరు సూడలే. నేనొక్కదాన్నే ఉన్న," అంది.

నెల తిరక్కుండానే వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. మళ్లీ పిల్లలు కలిగారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. కడుపుతో ఉన్న ఏ పిల్లయినా మందు మానేశానని నాతో అంటే, ఎంత బతిమాలినా దాచను; ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గరికి పంపిస్తాను. అందుకని నాతో మాటలు మానేసినవాళ్లూ ఉన్నారు. ఆ రోజు అక్క నన్ను అందరి నుంచి కాపాడింది. నా నుంచి కాపాడడం మాత్రం ఆమె వల్ల కాలేదు.