చివరి రీలు చూడని ఆడవాళ్లు

మొన్న మా మనవడు కంప్యూటరులో పాత ఇంగ్లీషు నేరకథ సినిమా ఒకటి పెట్టుకుని, "అమ్మమ్మా, ఇది ఎవ్వరికీ తెల్వని సినిమా" అన్నాడు గొప్పగా. కళ్లద్దాలు సవరించుకుని చూశాను. వానకు తడిసిన వీధి, దీపస్తంభం కింద టోపీవాడు, గోడ మీద వాడికంటే పొడుగాటి వాడి నీడ. ఎవరికీ తెలియకపోవడమేమిటి నా తలకాయ! వరంగల్లులో మా మేనత్త ఒళ్లో కూర్చుని చూశాను దాన్ని. చూశానంటే, ముగింపు తప్ప.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు సంగతి. అత్తమ్మ మిషను దవాఖానలో నర్సు. ఆమెతో ప్రధానం జరిగినాయన ఆ యుద్ధంలో మిలిటరీ లారీ నడపడానికి బర్మా వైపు వెళ్లాడు. ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. ఎన్నాళ్లని చూస్తామని మా నాయిన మడికొండ నుంచి ఒక బడిపంతులు సంబంధం తెచ్చాడు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మాటివ్వాలి. సినిమా హాలంటే సైతాను ఇల్లని అందరికీ బుద్ధులు చెప్పే నాయిన, ఆ శనివారం తనే మమ్మల్ని మ్యాట్నీకి బయల్దేరదీశాడు, చెల్లెలి మనసు మెత్తబడుతుందని. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పట్లో హాల్లో ఆడవాళ్ల వైపు పరదా ఉండేది. దీపాలార్పాక తీసేవారు. ఆట ఇంకా కాస్త ఉందనగానే మళ్లీ వేసేసి మమ్మల్ని బయటికి పంపేవారు, మగవాళ్లు లేచేలోపు మేం జట్కాలెక్కాలని. అందుకే మా ఊరి ఆడవాళ్లకు ఏ సినిమా ముగింపైనా ఇంట్లో మగవాళ్లు చెప్పాల్సిందే. వాళ్లు సగం నిద్రపోయి వచ్చి నోటికొచ్చింది చెప్పేవారు, అది వేరే కథ. ఆ రోజు అత్తమ్మ ఇంగ్లీషు మాటలన్నీ నా చెవిలో తెలుగు చేస్తూనే ఉంది. ఆమె చేతులు ఎప్పుడూ స్పిరిటు వాసన. చెయ్యని హత్య తన మీద పడి టోపీవాడు పారిపోతున్నాడు, వస్తానని చెప్పి తన పిల్లను స్టేషనులో ఉండమన్నాడు. ఆ పిల్ల పెట్టె పట్టుకుని నిలబడింది, రైలు కూత పెట్టింది, మా పరదా పడింది.

ఇంటికొచ్చి నాయిన కాళ్లు కడుక్కుంటుంటే అత్తమ్మ వాకిట్లోనే నిలబడి అడిగింది.

"అన్నా, ఆయన వచ్చిండా?"

నాయిన చెంబులో మిగిలిన నీళ్లు కూడా కాళ్ల మీద పోసుకున్నాడు. "వచ్చిండు చెల్లె. జర ఆలస్యమైంది గని, వచ్చిండు."

మర్నాడు చర్చి నుంచి రాగానే ఆమె మడికొండ సంబంధం వద్దని చెప్పేసింది. చేజేతులా చెడగొట్టుకున్నావని అమ్మ నాయినను దులిపేసింది. ఆయన తలొంచుకుని ఒక్కటే మాటన్నాడు.

"సినిమాల వాడు సచ్చిండని దానికి నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

బర్మా వెళ్లినాయన రాలేదు. అత్తమ్మ ఆ దవాఖానలోనే ఊరందరి పుండ్లకూ కట్లు కడుతూ ముసలిదైపోయింది. నాయిన చేసింది తప్పో ఒప్పో నాకు ఈనాటికీ తేలలేదు. ఆమెను తలుచుకుంటే మాత్రం ఆ ఒళ్లో ఇంకొక్కసారి కూర్చోవాలనిపిస్తుంది, ఈ వయసులో. కాలం ఎవరికైనా నిజం చెప్పి తీరుతుందంటారు. మా అత్తమ్మకూ ఎన్నిసార్లు చెప్పి చూసిందో, ఆమె మాత్రం తన అన్న మాటే నమ్మింది.