సుగుణ మా అరుగెక్కిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో మాకు బోరింగు ఒకటి, వాడలు రెండు... బిందె ముందు పెట్టిందెవరని ఒకనాడు ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. పొద్దుగూకేసరికి వాడలే విడిపోయాయి. మా పై వాడ రైతులు కింది వాడ వాళ్ళను కలుపు తీయడానికి పిలవడం మానేశారు. మా చేలల్లో గడ్డి పెరిగింది, వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదు.

రెండు వాడల ఆడవాళ్ళూ తీరిక దొరికితే బీడీలు చుట్టేవాళ్ళే. ఎవరి అరుగు మీద వాళ్ళు... ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు.

ఒక మధ్యాహ్నం కింది వాడ సుగుణ చాట పట్టుకొచ్చి మా అరుగెక్కి కూర్చుంది. నా ఈడుదే. ఏడో తరగతితో బడి మానేసింది. మా అవ్వ, అంటే మా అమ్మ, ఇదేం చోద్యమన్నట్టు చూసింది.

"నీడ మీ దిక్కున్నది అత్తా" అన్నది సుగుణ.

నీడకు ఎవరు అడ్డు చెబుతారు? మర్నాడు వాళ్ళవ్వ వచ్చింది, ఆ మర్నాడు ఇంకో నలుగురు... వారం తిరిగేసరికి రెండు వాడల వాళ్ళతో అరుగు నిండింది. చేతులు ఆకు చుడుతుంటే నోళ్ళు కొట్లాడేవి. అప్పుడు సుగుణ ఒక షరతు పెట్టింది. నీ బాధ చెప్పే ముందు అవతలి మనిషి బాధ నువ్వే చెప్పాలి. ఆ మనిషి "అవు, గంతే" అనాలి. ఆ తర్వాతే నీ వంతు.

క్లాసులో ఫస్టు నేను. ఉపన్యాసం పోటీలో కప్పు నాది. శాంతి మీద ఐదు పేజీలు ఆగకుండా రాయగలను. మా అరుగు మీద, మా అవ్వ పక్కన కూర్చుని పెద్దమనుషుల పని చేస్తున్నది మాత్రం సుగుణ! మా అవ్వ నన్ను మెచ్చుకోవాలంటే పరీక్ష ఫలితాలు రావాలి. దాన్నయితే రోజూ మెచ్చుకునేది. నాకు కడుపు మండిపోయేది...

కూలి దొరకని రోజుల్లో గంజి నీళ్ళు తాగి, తిన్నానని పిల్లలకు అబద్ధం చెప్పానని సుగుణ వాళ్ళవ్వ ఒకనాడు ఆ అరుగు మీద చెప్పుకుంది. నేను ఆ మాట మోసుకెళ్ళి బడిలో నవ్వుతూ చెప్పాను. అది నా పేరుతో సహా కింది వాడకు చేరింది. మర్నాటి నుంచి అక్కడి వాళ్ళు ఒక్కరూ రాలేదు. మొదలవుతుందనుకున్న కలుపు పని మళ్ళీ ఆగింది.

ఐదో రోజు సుగుణ ఒక్కతే వచ్చింది. మా అవ్వ నన్ను దాని ఎదురుగా కూర్చోబెట్టింది. షరతు ప్రకారం ముందు అదే నా బాధ చెప్పింది... తలెత్తకుండా, ఆకు కత్తిరిస్తూ.

"విమలకు మా అవ్వ మీద కోపం లేదు. సదువుల ముందున్నది తను, మీరు ఇనేది నా మాట. సొంత అవ్వ గూడ నా దిక్కే చూస్తది. గది ఓర్సుకుంటలేదు."

మా వాడ ఆడవాళ్ళంతా చేతులాపి నన్నే చూస్తున్నారు.

"అవు... గంతే" అన్నాను. అంత కష్టమైన పరీక్ష నేను మళ్ళీ రాయలేదు.

ఇక వాళ్ళ బాధ చెప్పడం నా వంతు. కప్పు తెచ్చిన నోటికి రెండు ముక్కలే వచ్చాయి. "మీ అవ్వ ఇంక ఎవల ముందట నోరు తెరుస్తది... నా వల్లనే" అన్నాను. సుగుణ చేతిలోని బీడీకి దారం చుట్టింది. "అవు" అన్నది. "గంతే" అనలేదు.

మర్నాడు వాళ్ళవ్వ చాటతో వచ్చింది. నా మొహం చూడలేదు, కానీ వచ్చింది. ఆ వానాకాలంలోనే బోరింగు దగ్గర వంతులు కుదిరాయి, కలుపుకు పిలుపులు వెళ్ళాయి. రెండు వాడలకూ మనశ్శాంతి దొరికింది... నాకు తప్ప.

సుగుణ ఇప్పుడు బీబీపేటలో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళను ఇట్లాగే కూర్చోబెడుతోందట. మాచారెడ్డి నుంచి కూడా వచ్చి పిలుచుకుపోతారట. చదువుకున్నదాన్నని నన్నయితే ప్రారంభోత్సవాలకు పిలుస్తారు.

మొన్న కామారెడ్డిలో మా కాలనీ వాళ్ళు శాంతి కోసం చర్చా వేదిక పెట్టి నన్ను ముఖ్య అతిథిని చేశారు. మైకు, శాలువా, ఫోటోలు... అందరూ తమ బాధ తాము చక్కగా చెప్పుకున్నారు. అవతలివాళ్ళ బాధ ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మీ ఊళ్ళో పిలవకుండా వచ్చి కూర్చున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి... ఈ వయసులో అసూయపడటానికి నాకు ఒక్క సుగుణ చాలడం లేదు.