వచ్చే నెల ఉండని చువో తాత

చువో తాతకి ఒకటే అలవాటు. వచ్చే నెల చచ్చిపోవడం. ఎన్నో ఏళ్ళుగా నెల తప్పకుండా ఆ పని మీదే ఉన్నాడు.

కీలుంగ్ రేవు వెనక సందులో ఒక చిన్న క్లినిక్. అందులో మందుల కిటికీ ఫాంగ్ సు-యున్‌ది. బీపీకీ, షుగరుకీ ఏళ్ళ తరబడి మందు మింగేవాళ్ళకి డాక్టరు ఒక్క చీటీ రాసిస్తాడు. దానిమీద మూడు నెలలు నెలనెలా మందు తీసుకోవచ్చు. కిటికీలోకి చీటీ, ఆరోగ్య కార్డు తోస్తే సు-యున్ ముద్ర కొట్టి ఆ నెల మందు ఇస్తుంది. మూడు ముద్రలూ పడ్డాకే మళ్ళీ డాక్టరు దర్శనం. గడువు దాటితే మాత్రం ఆ చీటీ చిత్తు కాగితమే. ఊరందరికీ మూడు ముద్రలు చాలేవి కావు. చువో తాతకి రెండో ముద్రకే ఆయుష్షు తీరిపోయేది.

"మూడో నెలది గీత కొట్టెయ్ అమ్మాయ్. అనవసరంగా మందు దండగ."

"కొట్టెయ్యకూడదు తాతగారూ. వచ్చే నెల రండి, ఇస్తాను."

"వచ్చే నెల దయ్యాల నెల. అవతలి లోకం తలుపులు బార్లా తీసి ఉంటాయి. వరసలో నిలబడే పని కూడా లేదు. ఇంతకన్నా మంచి అదను నాకు మళ్ళీ దొరుకుతుందా?"

అని, బల్ల మీద కూర్చున్న ఒక్కొక్కరికీ వంగి వంగి దణ్ణం పెట్టి, "ఏడవకండి" అని చెప్పి వెళ్ళేవాడు. ఏడ్చినవాళ్ళు లేరు. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నవాళ్ళు ఒలవడం కూడా ఆపేవారు కాదు.

నెల తిరిగేసరికి మళ్ళీ కిటికీ దగ్గర ప్రత్యక్షం.

"ఏం తాతగారూ, వెళ్ళలేదా?"

"వెళ్ళానమ్మా. నన్ను చూసి, నిలువునా తడిసొచ్చావు, ఆరాక రా పొమ్మన్నారు. ఈ ఊళ్ళో మనిషి ఆరేదెప్పుడు, నేను పోయేదెప్పుడు!"

అదీ నిజమే. కీలుంగ్‌లో వాన ఆగితే జనం భయపడి, ఏమైందోనని వీధిలోకొచ్చి ఆకాశం చూస్తారు.

పోయేవాడు ఊరికే పోడు కదా, ఆస్తి పంచేవాడు. రేడియో మంగలి యౌ-షెంగ్‌కి ఇచ్చాడు. ఆ రోజు నుంచీ యౌ-షెంగ్‌కి శని పట్టింది. వారం వారం తాత కొట్లోకి దిగబడి, "నా రేడియో కులాసానా?" అనేవాడు.

"ఇచ్చేశారు కదండీ!"

"ఇచ్చింది చచ్చాక. ఇంకా చావలేదుగా. ఈలోగా చూసుకుపోతాను."

టీ ఫ్లాస్కు రేవు కాపలాదారుకీ, ముక్కాలిపీట కూరలమ్మే ఆవిడకీ పోయాయి. వాళ్ళ గుమ్మాల ముందూ అదే పరామర్శ.

ఒకసారి తాత మందు తీసుకుంటూ, "నీకూ బీపీ అన్నాడుగా డాక్టరు, నీ చీటీ ఏదీ?" అని అడిగాడు.

"ఆ బిస్కెట్ల డబ్బాలో ఉంది తాతగారూ. మీ అందరికీ ఇచ్చేసరికే పొద్దుపోతోంది, ఇంక నాకు తీరికేదీ?"

"అంతేలే. అందరం పోయేవాళ్ళమే" అన్నాడు తాత తృప్తిగా.

ఆ రోజుల్లోనే చేప వడలమ్మే లాయ్ మామ్మ భర్త పోయాడు. ఆవిడ అంగడి రేకు దించింది, మళ్ళీ ఎత్తలేదు. షుగరు చీటీ మీద మొదటి నెల మందు తీసుకుంది గానీ రెండో నెలకి రాలేదు. శనివారంతో గడువు సరి. కిందటేడు కాలి పుండు ముదిరి, వేళ్ళు తీసెయ్యాలన్నంత దాకా వెళ్ళొచ్చిన మనిషి. సు-యున్ ఫోను చేసింది.

"ఎందుకమ్మా మందు? పెరిగితే పెరగనీ. వేళకి తిన్నావా అని అడిగే మనిషే పోయాడు" అని పెట్టేసింది మామ్మ.

సు-యున్ ఇంటికి వెళ్ళింది. తలుపు తియ్యలేదు. చీటీ ఇవ్వగలం, ముద్ర కొట్టగలం, మనిషిని ఎవరు లాక్కురాగలరు? మర్నాడు కిటికీలో తల పట్టుకుని కూర్చుంటే, బల్ల మీంచి తాత అందుకున్నాడు.

"చెప్పలా? వరసగా అందరం పోవడమే."

సు-యున్‌కి ఒళ్ళు మండిపోయింది. "మీ నోట ఒక్క మంచి మాట రాదా?"

"మంచి మాటలు చెప్పేవాళ్ళంతా ఆవిడ గుమ్మం దాకా వెళ్ళొచ్చారుగా అమ్మాయ్" అని తాత గొడుగు విప్పుకుని వానలోకి నడిచాడు.

శనివారం. క్లినిక్ మూసే వేళ. ముందు ఒక పంజరం లోపలికొచ్చింది, దాని వెనక లాయ్ మామ్మ. పంజరంలో గుప్పెడంత ఆకుపచ్చ పిట్ట.

"చూడమ్మా నా ఖర్మ! ఆ ముసలాడు దీన్ని నా గుమ్మంలో పెట్టి, వచ్చే నెల పోతున్నా, ఇది నీకే అన్నాడు. నేనే పోదామని కూర్చుంటే నాకెందుకయ్యా అన్నాను. అక్కడ ముందు నా పేరు రాసుకున్నారు, నన్ను పోనిచ్చి నువ్వు బయల్దేరు, అన్నాడు. వరస తప్పకూడదట! ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, చివరికి చెప్పు తీశాను."

"మరి తిరిగి ఇచ్చెయ్యలేకపోయారా?"

"ఎలా ఇస్తాను? దీని గోళ్ళు చూడు, ఎలా పెంచాడో! పొద్దున్నే బొప్పాయి ముక్క పెట్టి, పేరు పెట్టి పిలిస్తేగానీ తినదట. ఆ పేరేమిటో తెలుసా? చువో! పోయాక కూడా రోజూ ఎవరో ఒకరి చేత తిట్టించుకోవాలని కాబోలు. ఊఁ, మందివ్వు. నేను పడిపోతే దీని మొహం చూసేదెవరు?"

సు-యున్ ముద్ర కొట్టి మందిచ్చింది. తన వంతు కోసం వరసలో నిలబడ్డ యౌ-షెంగ్ అందుకున్నాడు.

"నాకు రేడియో ఇచ్చినప్పుడు నేనూ మందు మానేసి ఉన్నానక్కా. కత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని కొట్టు మూసేద్దామనుకుంటున్న రోజులు."

సు-యున్‌కి కాపలాదారు గుర్తొచ్చాడు. కూరలావిడ గుర్తొచ్చింది. ఇద్దరూ మధ్యలో కిటికీకి రావడం మానేసినవాళ్ళే. ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళే. ఆవిడ కళ్ళు చెమర్చబోతూ ఉండగా తలుపు తోసుకుని తాతే వచ్చాడు.

"అమ్మాయ్, వచ్చే నెల నేనుండను" అని, నీళ్ళోడుతున్న గొడుగు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఇది నీకు."

సు-యున్ నవ్వబోయి ఆగింది. "నాకా? నాకెందుకు?"

తాత ఆవిడ భుజం మీదుగా బిస్కెట్ల డబ్బా వైపు చూశాడు. "ఎలా ఉందో వారం వారం వచ్చి చూసుకుపోతాలే."

సు-యున్ డబ్బా మూత తీసింది. చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. గడువు మాత్రం ఇంకా ఉంది. లేచి, పక్క తలుపులోంచి ఇవతలికొచ్చి, చీటీ పట్టుకుని యౌ-షెంగ్ వెనక వరసలో నిలబడింది.

తాత ఖాళీ కిటికీని చూసి గుండెలు బాదుకున్నాడు. "మందిచ్చే మనిషే లేదు! చెప్పానా? అయిపోయింది, ఇవాళ్టితో ఊరంతా సరి!"

"చువో! నోరు ముయ్!" అని లాయ్ మామ్మ కేకేసింది.

పంజరంలో కిచకిచలాడుతున్న పిట్ట ఠక్కున నోరు మూసుకుంది.